పేరు ఊరిది, పద్దు కంపెనీది: అమెరికా చిన్న పట్టణాల పత్రికలకు ఏమైంది?

కాలిఫోర్నియాలో సలీనస్ అనే ఊరుంది. జనాభా లక్షన్నర పైమాటే. చుట్టూ లెట్యూస్, స్ట్రాబెర్రీ తోటలు. నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్ పుట్టింది అక్కడే. ఊరి పత్రిక 'సలీనస్ కాలిఫోర్నియన్' 1871 నాటిది. ఆ పత్రికలో మిగిలిన ఆఖరి విలేకరి 2022 డిసెంబరులో ఉద్యోగం మానేశాడు. మరుసటి నెలలోనే సలీనస్ నది పొంగింది. పొలాలు మునిగాయి, రోడ్లు తెగుతాయని హెచ్చరికలు వచ్చాయి. ఊరి పత్రికకు మాత్రం ఊళ్లో ఒక్క విలేకరి కూడా లేడు. 2023 మార్చి నాటికి అందులో ఆ ఊరివాళ్ల నుంచి వస్తున్న కొత్త సమాచారం ఒక్కటే: కుటుంబాలు డబ్బు కట్టి వేయించుకునే మరణ ప్రకటనలు. అప్పటికి పత్రిక మూతపడలేదు, పేరూ మారలేదు. చందాదారులకు కాగితం అందుతూనే ఉండేది.

సలీనస్ కాలిఫోర్నియన్ యజమాని గానెట్ (2025 నుంచి దాని పేరు యూఎస్ఏ టుడే కంపెనీ). అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ దినపత్రికలున్న చైన్ సంస్థ అది. చిన్న ఊళ్ల పత్రికలు ఎందుకు చిక్కిపోయాయని అడిగితే ఇంటర్నెట్ వల్ల అనేస్తారు. అందులో సగమే నిజం. ప్యూ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2005లో అమెరికా పత్రికల ప్రకటనల ఆదాయం దాదాపు 4,900 కోట్ల డాలర్లు. 2020కి అది 900 కోట్లలోపుకి పడిపోయింది. పాత కారు అమ్మకం, ఇంటి అద్దె, ఉద్యోగ ప్రకటన లాంటి చిన్న ప్రకటనలు ముందు పోయాయి, తర్వాత షాపుల ప్రకటనలు పోయాయి. ఇందులో అనుమానం లేదు. కానీ ఇంకా లాభంలో ఉన్న చిన్న ఊరి పత్రికలో కూడా ఆరుగురు విలేకరులు ముగ్గురై, ముగ్గురు ఒక్కరై ఎందుకు పోయారన్నదానికి ఈ జవాబు చాలదు. మిగతా సగం కోసం యాజమాన్యం అప్పుల పద్దు చూడాలి.

కుటుంబాల చేతి నుంచి షేర్ మార్కెట్‌కి

ఒకప్పుడు ఈ పత్రికలు ఊరి కుటుంబాలవి. బ్యాంకు ఒకరిది, కలప డిపో ఒకరిది, పత్రిక ఇంకొకరిది. ఊరికి ఒకే పత్రిక కాబట్టి పోటీ లేదు. కిరాణా కొట్టు నుంచి కార్ల డీలరు దాకా ప్రకటన ఇవ్వాలంటే అక్కడికే రావాలి. నూటికి 20, 30 డాలర్ల లాభం మిగలడం అప్పట్లో మామూలే. రెండో తరమో మూడో తరమో వచ్చేసరికి వారసులు పదిమంది అయ్యేవారు, వారసత్వ పన్ను మీద పడేది. అమ్మితే అందరికీ డబ్బు. కొనడానికి చైన్లు సిద్ధంగా ఉండేవి. 1906లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో మొదలైన గానెట్ 1967లో షేర్ మార్కెట్‌కి వెళ్లింది. షేర్లు చూపించి ఊరి తర్వాత ఊరు కొనుక్కుంటూ పోయింది.

ఆ తొలితరం చైన్లు పుణ్యాత్ములేమీ కాదు. మూడు నెలలకోసారి లాభం పెరగాలని ఒత్తిడి పెట్టేవి. అయినా వాళ్ల వ్యాపారం పత్రికే. పత్రిక పాడైతే వాళ్లకూ నష్టమే. 2000ల మధ్యలో వచ్చిన కొనుగోలుదారులు వేరు. వాళ్లవి పెట్టుబడి సంస్థలు, హెడ్జ్ ఫండ్‌లు (ధనికుల డబ్బు తీసుకుని పెద్ద లాభాల కోసం పెట్టుబడి పెట్టేవి). పడిపోతున్న ఆస్తిని చవగ్గా కొని, అది పూర్తిగా పడేలోపు ఎంత నగదు పిండుకోవచ్చో వాళ్లు లెక్కేస్తారు.

గేట్‌హౌస్ కథ ఇందుకు మంచి నమూనా. లిబర్టీ గ్రూప్ అనే చిన్న పత్రికల చైన్‌ని 2005లో ఫోర్ట్రెస్ అనే పెట్టుబడి సంస్థ 50 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొంది. మరుసటి ఏడాది గేట్‌హౌస్ అని పేరు మార్చి షేర్లు జారీ చేసింది, అప్పు తెచ్చి ఇంకా పత్రికలు కొంది. 2013కల్లా అప్పు 120 కోట్ల డాలర్లకు చేరి దివాలా కోర్టుకెళ్లింది. అక్కడ అప్పు తగ్గించుకుని, న్యూ మీడియా అనే మాతృసంస్థ కింద బయటికొచ్చి, మళ్లీ కొనడం మొదలుపెట్టింది. 2019 నవంబరులో గానెట్‌నే కొనేసి, గానెట్ పేరు తనకు పెట్టుకుంది. 2025లో ఆ పేరునూ వదిలి యూఎస్ఏ టుడే కంపెనీ అయింది. పేర్లు ఇన్నిసార్లు మారితే ఊళ్లోని చందాదారుకి తన పత్రిక యజమాని ఎవరో తెలియకపోవడంలో వింతేముంది?

గానెట్‌ని కొన్న డబ్బు అపోలో అనే మరో పెట్టుబడి సంస్థ ఇచ్చిన అప్పు. దాదాపు 180 కోట్ల డాలర్లు, వడ్డీ 11.5 శాతం. అంటే ఏడాది వడ్డీ ఒక్కటే 20 కోట్ల డాలర్లు దాటుతుంది. తర్వాత దాన్ని తక్కువ వడ్డీ అప్పుగా మార్చుకున్నారు. కానీ మొదటి రెండేళ్లలో తీసుకున్న నిర్ణయాలన్నీ ఈ వడ్డీ నీడలోనే జరిగాయి. విలీనం తర్వాత నాలుగేళ్లలో సంస్థ ఉద్యోగాల్లో దాదాపు సగం పోయాయి. పైగా 2020 చివరిదాకా నిర్వహణ రుసుము కింద ఫోర్ట్రెస్‌కి వేరే చెల్లింపులు ఉండేవి.

ఈ వడ్డీ ఒక ఊరి పత్రిక మీద ఎలా పడుతుందో చూడటానికి ఊహించిన లెక్క ఒకటి వేద్దాం. పత్రిక ఏడాది ఆదాయం 20 లక్షల డాలర్లు, ఖర్చు 17 లక్షలు, మిగులు 3 లక్షలు. మిగులుకి నాలుగు రెట్లు, అంటే 12 లక్షలు పెట్టి చైన్ దాన్ని కొంది. అంతా 11.5 శాతం అప్పే. ఏడాదికి వడ్డీ 1.38 లక్షలు. మరుసటి ఏడాది ఆదాయం 10 శాతం తగ్గితే 2 లక్షలు పోయినట్టు. మిగులు లక్షకు దిగింది. ఊళ్లో యజమాని ఉండి ఉంటే, 'ఈ ఏడాది లక్షే వచ్చింది' అని సరిపెట్టుకునేవాడు. చైన్‌కి ఆ వీలు లేదు. వడ్డీకే 38 వేలు తక్కువ పడుతున్నాయి, అసలు సంగతి తర్వాత. ఒక విలేకరి జీతం 45 వేలు. ఒకరిని తీసేస్తే వడ్డీకి సరిపోతుంది. వచ్చే ఏడాది ఆదాయం మళ్లీ 10 శాతం తగ్గుతుంది. ఈసారి ఇంటర్నెట్‌కి తోడు, చదవడానికేమీ లేదని చందా మానేసినవాళ్లు కూడా ఆ తగ్గుదలలో ఉంటారు.

లాభంలో ఉన్న పత్రికలోనే కోతలు పడటం ఇలా జరుగుతుంది. ఒక ఊరి పత్రిక బాగా నడిచినా, ఆ మిగులు వేరే రాష్ట్రంలోని ఊరి కోసం చేసిన అప్పుకి పోతుంది.

ఇతర చైన్ల లెక్కలూ ఈ చుట్టుపక్కలే. ఆల్డెన్ గ్లోబల్ క్యాపిటల్ అనే హెడ్జ్ ఫండ్ 2021లో ట్రిబ్యూన్ పబ్లిషింగ్‌ని 63 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొంది. ఆల్డెన్‌కి అనుబంధంగా పత్రికల భవనాలు, స్థలాలు అమ్మడానికే ఓ కంపెనీ ఉంది. 2018లో డెన్వర్ పోస్ట్ తన సంపాదకీయంలోనే సొంత యజమానులను రాబందులతో పోల్చింది. ఆ యజమాని ఆల్డెనే. లీ ఎంటర్‌ప్రైజెస్‌ది మరో తరహా. 2020లో పేరున్న పెట్టుబడిదారు వారెన్ బఫెట్ సంస్థ బెర్క్‌షైర్ తన పత్రికలను లీకి 14 కోట్ల డాలర్లకు అమ్మి, లీ పాత అప్పులన్నీ తీర్చేందుకు కలిపి 57 కోట్ల పైచిలుకు డాలర్లు 9 శాతం వడ్డీకి ఇచ్చింది. పత్రికలు నడపడం కంటే వాటికి అప్పివ్వడం భద్రమని బఫెట్‌కి అనిపించిందంటే, అది గమనించాల్సిన విషయమే.

ఏది ముందు పోతుంది

కోతలకు ఒక వరస ఉంటుంది. పాఠకుడికి కనపడనివి ముందు పోతాయి.

పేజీలు పెట్టే డెస్క్ మొదట పోతుంది. గేట్‌హౌస్ 2014లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఒక కేంద్రం పెట్టి, దేశమంతటి తన పత్రికల పేజీలు అక్కడే తయారుచేయించింది. ఖర్చు తగ్గిన మాట నిజం. కానీ ఊరి వీధుల పేర్లు, హైస్కూల్ కోచ్ ఇంటిపేరు, పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ల మధ్య తేడా తెలిసినవాళ్ల కంట వార్త పడదు. తప్పులు అచ్చవుతాయి. చిన్న ఊళ్లో ఒక తప్పు పేరు వేస్తే ఆ కుటుంబం మొత్తం పత్రికను నమ్మడం మానేస్తుంది.

తర్వాత అచ్చువేసే ప్రెస్ పోతుంది. అసలు దెబ్బ ఇదే, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఊళ్లోనే అచ్చయినప్పుడు రాత్రి 11 గంటల దాకా వార్త ఇవ్వొచ్చు. ప్రెస్ మూసేసి రెండు మూడు వందల కిలోమీటర్ల దూరంలోని మరో ప్రెస్‌కి పంపితే, లారీ ప్రయాణం కలిపి గడువు సాయంత్రానికి జరుగుతుంది. లూయీవిల్ లాంటి పెద్ద నగరపు పత్రిక 'కూరియర్ జర్నల్' అచ్చు కూడా 2021లో పక్క రాష్ట్రాల్లోని ఇండియానాపొలిస్, నాక్స్‌విల్ ప్రెస్‌లకు మారింది. చిన్న ఊళ్ల సంగతి చెప్పేదేముంది? నగర మండలి సమావేశం రాత్రి 7కి మొదలవుతుంది. పేజీలు అప్పటికే వెళ్లిపోయాయి. సోమవారం రాత్రి సమావేశం వార్త బుధవారం పత్రికలో వస్తుంది. ఈలోగా ఫేస్‌బుక్ గ్రూపులో ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేశారు.

దీని మీద మరో రెండు కోతలు చేరాయి. 2022 మార్చిలో గానెట్ 136 చోట్ల శనివారం అచ్చు పత్రిక ఆపేసింది. అమెరికా చిన్న ఊళ్లలో హైస్కూల్ ఫుట్‌బాల్ ఆటలు జరిగేది శుక్రవారం రాత్రి. ఊరంతా చూసే ఆట అది. శనివారం పత్రిక తెరిచి స్కోరూ ఫొటో చూసుకోవడం ఒక అలవాటు. ఆ అలవాటు మీదే చందా నిలబడేది. ఇప్పుడది ఆదివారానికో, ఆ తర్వాతకో. ఇక చాలా ఊళ్లలో పేపర్‌బాయ్‌ని మానిపించి పోస్టులో పంపడం మొదలైంది. పోస్టు ఆదివారం రాదు, పండగ రోజున రాదు, మామూలు రోజుల్లో కూడా మధ్యాహ్నం దాటుతుంది. పొద్దున కాఫీతో చదివేవాడికి మధ్యాహ్నం మూడింటికి పత్రిక ఇస్తే ఎన్నాళ్లు డబ్బు కడతాడు?

ఆ తర్వాతే విలేకరుల వంతు. మిగిలిన ఒకరిద్దరు మూడు నాలుగు ఊళ్ల వార్తలు చూడాలి. పేజీలు నింపడానికి రాష్ట్రంలోని ఇతర గానెట్ పత్రికల వార్తలు తెచ్చి పెడతారు. 2024 మార్చిలో గానెట్ అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ నుంచి వార్తలు కొనడం కూడా మానేసింది. ఖాళీ పూడ్చడానికి యంత్రాలనూ నమ్ముకున్నారు. 2023 ఆగస్టులో ఒహాయోలోని కొలంబస్ డిస్పాచ్‌లో సాఫ్ట్‌వేర్ రాసిన హైస్కూల్ ఆట వార్తలో జట్ల ముద్దుపేర్లు ఉండాల్సిన చోట 'గెలిచిన జట్టు పేరు', 'ఓడిన జట్టు పేరు' అనే ఖాళీ గుర్తులు బ్రాకెట్లతో సహా అచ్చంగా వచ్చేశాయి. నవ్వులపాలై ఆ ప్రయోగం ఆపేశారు.

విలేకరి లేని ఊరికి పడే బిల్లు

పత్రిక లేకపోతే ప్రజాస్వామ్యం బలహీనపడుతుందని అందరూ అంటారు. డాలర్లలో ఎంత అన్న ప్రశ్నకు కూడా జవాబు ఉంది. గావో, లీ, మర్ఫీ అనే ముగ్గురు ఆర్థికశాస్త్ర పరిశోధకులు పత్రిక మూతపడిన కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) స్థానిక ప్రభుత్వాలు అప్పు కోసం జారీచేసే బాండ్ల వడ్డీ చూశారు. మూత తర్వాత అక్కడ అప్పు 0.05 నుంచి 0.11 శాతం దాకా ఖరీదైంది. చూసేవాడు లేని చోట దుబారా పెరుగుతుందని, అప్పిచ్చేవాళ్లు అందుకు కాస్త ఎక్కువ అడుగుతారని వాళ్ల వివరణ. చిన్న సంఖ్యే కదా అనిపిస్తుంది. బడి భవనాల కోసం 10 కోట్ల డాలర్ల బాండు వేస్తే 0.1 శాతం అంటే ఏడాదికి లక్ష డాలర్లు. ఇందాకటి మన లెక్కలో ఇద్దరు విలేకరుల జీతం అది. ఇరవై ఏళ్ల పాటు ఆస్తి పన్ను రూపంలో ఊరే కడుతుంది.

కాలిఫోర్నియాలోని బెల్ పట్టణం ఇంకా మొరటు ఉదాహరణ. 40 వేలలోపు జనాభా, ఎక్కువమంది పేదలు. 2010లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ బయటపెట్టేదాకా నగర మేనేజర్ రాబర్ట్ రిజో ఏడాదికి దాదాపు 8 లక్షల డాలర్ల జీతం తీసుకుంటున్నాడని ఊరికి తెలియదు. పార్ట్‌టైమ్ కౌన్సిల్ సభ్యులు లక్ష దాకా తీసుకునేవారు. రిజోకి 2014లో 12 ఏళ్ల శిక్ష పడింది. ఆ జీతాలు ఇలా ఏళ్ల తరబడి సాగాయి. సమావేశం గదిలో వెనక వరసలో నోట్‌బుక్ పట్టుకుని ఒకరు కూర్చుని ఉంటే, ఆయన ఏమీ రాయకపోయినా, ఆ తీర్మానాలు అంత సులువుగా పాసయ్యేవి కావు.

మన దగ్గర ఇదే కథా?

కాదు, దాదాపు తిరగబడిన కథ. అమెరికాలో ఊరి పత్రిక ముందు ఉంది, చైన్ వచ్చి కొంది. తెలుగునాట చైనే ఊరి వార్తను పుట్టించింది. ఈనాడు 1974లో విశాఖపట్నంలో మొదలై, 1989 నుంచి జిల్లా టాబ్లాయిడ్లు ఇచ్చింది. సాక్షి 2008లో ఒకేసారి 23 ఎడిషన్లతో వచ్చింది. మండల కేంద్రంలో తాగునీటి ట్యాంకు వార్త అచ్చులో రావడం ఈ పెద్ద సంస్థల వల్లే సాధ్యమైంది. ఆ పోటీలో నలిగింది నెల్లూరు జమీన్ రైతు లాంటి పాతకాలపు జిల్లా వారపత్రికలు.

బలహీనత కూడా వేరే చోట ఉంది. అమెరికా విలేకరి జీతగాడు, కాబట్టి తీసేస్తే పద్దులో ఆదా కనపడుతుంది. మన మండల కంట్రిబ్యూటర్‌కి చాలాచోట్ల జీతమే లేదు. అచ్చయిన వార్త కొలతను బట్టి నామమాత్రపు డబ్బు. అతన్ని తీసేస్తే మిగిలేదేమీ లేదు, అందుకే అతను ఉంటాడు. కానీ ఉగాదికి, సంక్రాంతికి, నాయకుడి పుట్టినరోజుకి యాడ్‌ల టార్గెట్ అతని మీదే పడుతుంది. ఎవరి మీద వార్త రాయాలో వాళ్ల దగ్గరికే యాడ్ అడగడానికి వెళ్లాలి. అమెరికాలో సమావేశానికి వెళ్లే మనిషి లేడు. ఇక్కడ మనిషి ఉన్నా, రాసే వీలు లేదు. 2020 లాక్‌డౌన్‌లో పేజీలు తగ్గి, జిల్లా వార్తలు ప్రధాన సంచికలోకి సర్దుకున్నప్పుడు రాసే జాగా కూడా తగ్గింది.

మూసేస్తే ఊరు మళ్లీ ఎందుకు పెట్టుకోలేదు?

చైన్ వెళ్లిపోతే ఊరివాళ్లే ఒకటి పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. మిస్సౌరీలోని వేన్స్‌విల్‌లో గేట్‌హౌస్ 2018 సెప్టెంబరులో డైలీ గైడ్‌ని మూసేసింది. పక్కనే ఫోర్ట్ లెనర్డ్ వుడ్ అనే పెద్ద సైనిక శిబిరం ఉన్న ఊరది. పత్రిక మూసినా, దాని పేరు, చందాదారుల జాబితా, పాత సంచికలు, వెబ్ చిరునామా అన్నీ చైన్ ఆస్తులే. చైన్‌కి పక్క ఊళ్లో మరో పత్రిక ఉంటే చందాదారులను అటు మళ్లిస్తుంది. కొత్తగా పెట్టేవాళ్లు సున్నా నుంచి మొదలుపెట్టాలి.

ఇంకో చిక్కుముడి చట్టపరమైన ప్రకటనలు. బడ్జెట్ విచారణ, టెండర్లు, జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే నిబంధనలు) మార్పులు, జప్తు వేలాలు పత్రికలో వేయాలని చాలా రాష్ట్రాల్లో చట్టం ఉంది. ఏది అర్హమైన పత్రికో కూడా చట్టమే చెబుతుంది. చాలాచోట్ల అచ్చు సంచిక ఉండాలి, డబ్బు కట్టే చందాదారులు ఉండాలి, కొంతకాలంగా నడుస్తూ ఉండాలి. ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు పెట్టిన మంచి వార్తల వెబ్‌సైట్‌కి ఆ డబ్బు రాదు. విలేకరి లేని పత్రికకు వస్తుంది. ఖాళీ పత్రికను చైన్ మూయకుండా, అమ్మకుండా పెట్టుకోవడానికి ఇదొక కారణం. ఫ్లోరిడా 2022లో చట్టం మార్చి, 2023 నుంచి ఈ ప్రకటనలను కౌంటీ వెబ్‌సైట్లో వేసుకునే వీలిచ్చింది. చైన్లకు అది దెబ్బ, కానీ అదే డబ్బు మీద నిలబడ్డ చిన్న స్వతంత్ర వారపత్రికలకు ఇంకా పెద్ద దెబ్బ. ఈ సంస్కరణను చూసి చప్పట్లు కొట్టేముందు ఆ సంగతి ఆలోచించాలి.

అమ్మకం కుదిరిన చోట ఫలితం వేరు. 2025 ఆగస్టు 6న ఇల్లినాయ్ కేంద్రంగా ఉన్న న్యూస్ మీడియా కార్పొరేషన్ అనే చిన్న చైన్ తన పత్రికలను ఉన్నపళంగా మూసేసింది. అమ్మకం బేరం చెడిపోయిందని చెప్పింది. వ్యోమింగ్‌లోనే ఎనిమిది పత్రికలు ఆగిపోయాయి. కొద్ది రోజుల్లోనే ఆ రాష్ట్రంలో పత్రికలు నడుపుతున్న స్థానిక కుటుంబాలు వాటిని కొని, పాత సిబ్బందిని పిలిచి మళ్లీ మొదలుపెట్టాయి. ఇక్కడ పనిచేసింది వేగం. ఒకటి రెండు సంచికలు తప్పితే చందాదారు క్షమిస్తాడు. ఆరు నెలలు ఆగితే జాబితాకి విలువ ఉండదు, చట్టపరమైన ప్రకటనల అర్హత పోతుంది, సిబ్బంది వేరే ఉద్యోగాల్లో చేరిపోతారు.

లాభాపేక్ష లేని సంస్థలే మందు అన్నవాళ్లూ ఉన్నారు. నేషనల్ ట్రస్ట్ ఫర్ లోకల్ న్యూస్ 2021లో కొలరాడోలో 24 చిన్న పత్రికలను కొంది. 2025లో వాటిలో 21 పత్రికలను ఆరిజోనాకు చెందిన ఓ కంపెనీకి అమ్మేసింది. యజమాని ఉద్దేశం మంచిదైనా, పాతిక పత్రికలను దూరం నుంచి నడిపితే అచ్చు ఖర్చూ పోస్టు ఖర్చూ అవే.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఇది దూరపు విషయం కాదు. మనవాళ్లు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీ ఎడిసన్ ప్రాంతపు దినపత్రిక 'హోమ్ న్యూస్ ట్రిబ్యూన్' కూడా ఆ గానెట్‌దే, అంటే ఇప్పటి యూఎస్ఏ టుడే కంపెనీదే. ఇంటి మీద కట్టే ఆస్తి పన్నులో పెద్ద వాటా బడి బోర్డు బడ్జెట్‌కి వెళ్తుంది. ఆ బడ్జెట్ సమావేశానికి ఎవరైనా వెళ్తున్నారా అన్నది పరీక్షించడం కష్టం కాదు. రెండు వారాల సంచికలు ముందేసుకుని, ఊరి వార్తల్లో ఎన్నింటి మీద అదే ఊళ్లో పనిచేసే విలేకరి పేరుందో లెక్కపెట్టండి. సమావేశం తేదీకి, వార్త వచ్చిన తేదీకి మధ్య ఎన్ని రోజులున్నాయో చూడండి. చట్టపరమైన ప్రకటనల పేజీ నిండుగా ఉండి ఊరి వార్తల పేజీ ఖాళీగా ఉంటే పత్రిక దేనిమీద బతుకుతోందో తెలిసిపోతుంది. విలేకరి ఉన్నాడని తేలితే, చందా కట్టేటప్పుడు తొలి ఏడాది తగ్గింపు ధర తర్వాత అసలు ధర ఎంతో ముందే అడగండి. ఊరికి స్వతంత్ర వారపత్రిక మరొకటి ఉంటే చందా దానికి కట్టండి. పట్టణ క్లర్క్ ఆఫీసుకి వెళ్లి చట్టపరమైన ప్రకటనలు ఇంకా పత్రికకే ఇస్తున్నారా, ఇస్తే ఏ పత్రికకో, ఆ నిర్ణయం మళ్లీ ఎప్పుడు తీసుకుంటారో కనుక్కోండి. కొన్ని ఊళ్లలో అది ఏటా జనవరిలో, పెద్దగా ఎవరూ రాని సమావేశంలో తేలిపోతుంది.